వేళ్ళను అడిగి ఎక్కండి



రాక్ క్లైంబింగ్ నేర్చుకుందామని వచ్చినవాళ్ళు మొదటిరోజు దిగీ దిగగానే అడిగే ప్రశ్న ఒకటుంది. "వారానికి ఎన్నిసార్లు రావాలండీ?" అని. అడిగే తీరులోనే తెలిసిపోతుంది, రోజూ రమ్మంటే ఎగిరి గంతేస్తారని. అరచేతుల నిండా తెల్లటి చాక్ పొడి ఉంటుంది. ముంజేతులు వణుకుతూ ఉంటాయి. అయినా ఇంకొక్కసారి ఎక్కి చూస్తామంటారు. అలాంటప్పుడు "రెండుసార్లు చాలు" అంటే చిన్నబోతారు. నెలంతటికీ డబ్బు కట్టించుకుని రెండుసార్లే రమ్మంటాడేమిటి అని లోలోపల అనుకుంటారు కూడా.

అయినా నా జవాబు అదే. దాచిపెట్టి చివర్లో చెప్పేదేమీ లేదు, ముందే చెప్పేస్తాను. కొత్తవాళ్ళు వారానికి రెండుసార్లు ఎక్కాలి. ఆ రెంటికీ మధ్య కనీసం రెండు రోజుల ఎడం ఉండాలి. ఓ ఏడాదిపాటు నిలకడగా ఎక్కాక మూడుసార్లు ఎక్కవచ్చు. నాలుగుసార్లన్నది ఏళ్ళ తరబడి ఎక్కుతున్నవాళ్ళ మాట, అందులోనూ గట్టిగా ఒళ్ళు వంచేది రెండు రోజులే. ఈ లెక్క మన ఉత్సాహాన్ని చూసి వేసింది కాదు, భుజబలాన్ని చూసి వేసిందీ కాదు. మన వేళ్ళను చూసి వేసింది. ఎందుకో చెప్పడానికే ఈ ప్రసంగం.

అసలు ఈ ప్రశ్న మన ఊళ్ళో కాస్త కొత్తది. హైదరాబాద్‌కు బండలు కొత్తవి కావు. ఈ చుట్టుపక్కల గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఖాజాగూడ గుట్టల్లో, మౌలాలి వైపు, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డ రాళ్ళను చూడనివాళ్ళు ఉండరు. అయితే ఒకప్పుడు బండ ఎక్కడమంటే ఆదివారం పని. తెల్లవారుజామున నలుగురైదుగురు కలిసి తాళ్ళో, కిందపడితే దెబ్బ తగలకుండా పరిచే క్రాష్ ప్యాడ్లో భుజాన వేసుకుని బయల్దేరేవాళ్ళు. ఎండ ముదిరే వేళకు దిగిపోయేవాళ్ళు. సోమవారం ఆఫీసు, మంగళవారం ఆఫీసు, మళ్ళీ ఆదివారందాకా బండ మొహం చూసే తీరిక లేదు. ఎవరూ ఇవ్వకుండానే వేళ్ళకు ఆరు రోజుల సెలవు దొరికేది.

ఇప్పుడా పరిస్థితి మారింది. ఒకపక్క ఊరు పెరిగి గుట్టల్ని పేల్చేస్తున్నారు. వాటిని కాపాడమని సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు 1996 నుంచి మొత్తుకుంటూనే ఉన్నారు. ఇంకోపక్క 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్పోర్ట్ క్లైంబింగ్ మొదటిసారి పతకాల ఆటగా చేరింది. పెద్ద నగరాల్లో ప్లైవుడ్ గోడలకు రంగురంగుల హోల్డ్స్, అంటే పట్లు, బిగించిన ఇండోర్ జిమ్‌లు వచ్చాయి. అవి వాన పడ్డా తెరిచే ఉంటాయి, రాత్రిపూటా తెరిచే ఉంటాయి. ఆఫీసు నుంచి ఇంటికి వెళ్ళే దారిలోనే ఉంటాయి. అంటే రోజూ ఎక్కే వీలు దొరికింది. వీలు దొరికింది కనుకనే ఎన్నిసార్లు అన్న ప్రశ్న పుట్టింది. ఇంతకుముందు వాతావరణం, దూరం, ఉద్యోగం కలిసి మనకు పెట్టిన హద్దును ఇప్పుడు మనమే పెట్టుకోవాల్సి వస్తోంది.

సరే, వేళ్ళ సంగతికి వద్దాం. వంటపనిలోనో డ్రైవింగ్‌లోనో ఉన్నవాళ్ళు తర్వాత చేయండి గానీ, ఖాళీగా కూర్చుని వింటున్నవాళ్ళు కుడిచెయ్యి ముందుకు చాపండి. మోచేతికి కాస్త కిందుగా ముంజేతిని ఎడమచేత్తో పట్టుకోండి. ఇప్పుడు కుడిచేతి వేళ్ళు గట్టిగా ముడిచి, తెరవండి. మళ్ళీ ముడవండి. కదలిక ఎక్కడ తెలుస్తోంది? వేళ్ళలో కాదు, ముంజేతిలో. వేళ్ళను ముడిచే పెద్ద కండలన్నీ అక్కడే ఉన్నాయి. అక్కణ్ణుంచి పొడవాటి టెండన్లు మణికట్టు దాటి, అరచేయి దాటి, వేలి కొసలదాకా వెళ్తాయి. వాడుకలో వీటిని నరాలనే అంటాం గానీ స్పర్శ తెలిపే నరాలు వేరు, కండను ఎముకకు కట్టే ఈ టెండన్లు వేరు.

ఆ టెండన్ వేలి ఎముకను అంటిపెట్టుకుని ఉండాలి కదా, లేకపోతే వేలు ముడిచినప్పుడు పైకి లేచిపోతుంది. అందుకని వేలి పొడుగునా అక్కడక్కడా చిన్న పట్టీలు ఉంటాయి. గాలపు కర్రకు దారం అంటిపెట్టుకుని ఉండేందుకు వరసగా రింగులు ఉంటాయి చూడండి, ఇవీ అంతే. వీటిని పుల్లీలంటారు. వేలి మొదట్లో, ఉంగరం పెట్టుకునే చోట ఉండే పట్టీ పేరు ఏ-టూ పుల్లీ. క్లైంబర్ల వేళ్ళలో ఎక్కువగా దెబ్బతినేది అదే. అందులోనూ ఉంగరపు వేలిది, మధ్యవేలిది.

ఎందుకు దెబ్బతింటుందో తెలియాలంటే పట్టు ఎలా పడతామో చూడాలి. గ్రానైటు బండమీద చాలాచోట్ల దొరికేది అర అంగుళం అంచు. వేలి చివరి కణుపు కూడా పూర్తిగా పట్టదు. అలాంటి అంచును పట్టడానికి రెండు మూడు పద్ధతులున్నాయి. వేళ్ళు దాదాపు చాపి, కొసలు మాత్రం అంచుకు తగిలించడం ఒకటి. దీన్ని ఓపెన్ హ్యాండ్ అంటారు. నడిమి కణుపు బాగా వంచి, చివరి కణుపు వెనక్కి వంగేలా నొక్కి, బొటనవేలు తెచ్చి చూపుడువేలి మీద బిగించడం ఇంకొకటి. ఇది ఫుల్ క్రింప్. కొత్తవాళ్ళ చెయ్యి తనంతట తానే ఫుల్ క్రింప్‌లోకి వెళ్ళిపోతుంది, ఎందుకంటే అందులో పట్టు గట్టిగా అనిపిస్తుంది. నిజంగానే గట్టిగా ఉంటుంది. కాకపోతే ఆ పట్టులో ఏ-టూ పుల్లీ మీద పడే భారం ఓపెన్ హ్యాండ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాలు జారి ఒళ్ళంతా ఒక్కసారి ఆ వేళ్ళమీద వేలాడిందంటే ఆ చిన్న పట్టీ మోయవలసిన బరువు ఎంతో ఆలోచించండి.

ఇప్పుడు అసలు విషయం. కండ త్వరగా బలపడుతుంది. కొత్తగా ఎక్కడం మొదలుపెట్టినవాళ్ళకు రెండు మూడు నెలల్లోనే ముంజేతులు తేరతాయి, భుజాలు విచ్చుకుంటాయి, నిన్న అందని హోల్డ్ ఇవాళ అందుతుంది. టెండన్లకూ పుల్లీలకూ ఆ వేగం లేదు. వాటికి రక్తప్రసరణ తక్కువ. అవి చిక్కబడి గట్టిపడటానికి నెలలు కాదు, ఏళ్ళు పడుతుంది. అంటే మొదటి ఏడాదంతా మన శరీరంలో ఒక తేడా నడుస్తూ ఉంటుంది. లాగే కండకు బలం వచ్చేసింది, ఆ లాగుడు తట్టుకోవలసిన పట్టీకి ఇంకా రాలేదు. ప్రమాదమంతా ఆ తేడాలోనే ఉంది. ఏమీ ఎక్కలేని మొదటి వారాల్లో వేలికి పెద్దగా ఏమీ కాదు. బాగా ఎక్కుతున్నామని మురిసిపోయే ఆరో నెలలోనో, పదో నెలలోనో అవుతుంది.

గట్టిగా ఎక్కాక టెండన్ లోపల ఏం జరుగుతుందో శాస్త్రజ్ఞులు పరిశీలించారు. టెండన్ చాలావరకు కొలాజెన్ అనే పదార్థంతో తయారవుతుంది. శ్రమ తర్వాత ఒక రోజు, రోజున్నర వరకు అందులో కట్టుబడి కంటే కరిగిపోయేదే ఎక్కువ. ఆ తర్వాతే కట్టుబడి పైచేయి అవుతుంది, మూడో రోజుదాకా సాగుతుంది. ఇక లెక్క వేసుకోండి. సోమవారం సాయంత్రం ఎక్కి, మళ్ళీ మంగళవారం సాయంత్రం ఎక్కితే కరిగే వేళలో మీద ఇంకో దెబ్బ వేసినట్టు. గురువారం ఎక్కితే కట్టుకున్నదాని మీద ఎక్కినట్టు. నేను చెప్పిన రెండు రోజుల ఎడం ఇక్కణ్ణుంచి వచ్చిందే. కాబట్టి వారంలో ఎన్ని రోజులు అని అడగడం కంటే, ఒకసారికీ ఇంకోసారికీ మధ్య ఎన్ని గంటలు అని అడగడం మేలు. శని, ఆదివారాలు వరసగా ఎక్కి మిగతా ఐదు రోజులు ఊరుకుంటే లెక్కకు రెండుసార్లే గానీ వేళ్ళ దృష్టిలో అది ఒకే పెద్ద దెబ్బ.

మా దగ్గరికి వచ్చే ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు వారానికి ఐదురోజులు ఎక్కేవాడు. ఒద్దికైన పిల్లాడు, చెప్పింది వింటాడు, ఈ ఒక్కటి తప్ప. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి, పేస్టు మూత తిప్పడానికి ఇబ్బంది అవుతోందని నవ్వుతూ చెప్పేవాడు. కాసేపు వేడినీళ్ళలో పెడితే సర్దుకుంటాయి అనేవాడు. ఓ సాయంత్రం చివరి ప్రయత్నంలో చిన్న అంచు పట్టుకుని పైకి లాగుతుంటే టక్కున చప్పుడైంది. పక్కనున్నవాళ్ళకు కూడా వినిపించింది. ఉంగరపు వేలి మొదట్లో వాపు. ఆ వేలు నొక్కితే నొప్పి, చాయ్ గ్లాసు పట్టుకున్నా నొప్పి. డాక్టరు అల్ట్రాసౌండ్ తీయించి పుల్లీ పాక్షికంగా చిరిగిందన్నారు. నెలల తరబడి గోడ మొహం చూడలేదు పాపం. ఐదురోజులు ఎక్కి సంపాదించిందంతా ఆ సెలవులో కరిగిపోయింది. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇక్కడ కొందరు ఒక అడ్డు ప్రశ్న వేస్తారు. "మా ఊళ్ళో గీత కార్మికులు రోజూ తాడిచెట్టు ఎక్కుతారు కదండీ. పొద్దున ఎక్కుతారు, సాయంత్రం ఎక్కుతారు. ఒక చెట్టు కాదు, వరసగా ఎక్కుతారు. వాళ్ళకు లేని విశ్రాంతి మాకెందుకు?" అని. మంచి ప్రశ్నే. కానీ గీత కార్మికుడు చెట్టెక్కేటప్పుడు ఒకసారి దగ్గరగా చూడండి. నడుము చుట్టూ మోకు ఉంటుంది, అది చెట్టును చుట్టి వస్తుంది. కాళ్ళకు బంధం ఉంటుంది. వెనక్కి వాలి బరువు మోకు మీద వేస్తాడు, కాళ్ళు పైకి జరుపుతాడు, మోకును పైకి విదిలిస్తాడు. బరువు మోసేది నడుము, తొడలు, పాదాలు. చేతులు మోకును నడిపిస్తాయి గానీ వేలి కొసలతో ఒళ్ళంతా వేలాడదీయవు. పైగా చిన్నప్పటినుంచీ ఆ పనిలో తేరిన శరీరం. అది బతుకుతెరువు కాబట్టి రోజూ ఎక్కుతున్నాడు, అందులో ఉన్న ప్రాణాపాయం వేరే కథ. మన ఆటలో భారమంతా పడేది ఆయన వాడని చోట. కాబట్టి ఆ పోలిక చెల్లదు.

అయితే ఆ ప్రశ్నలో ఒక ఉపయోగం ఉంది. ఎక్కడమంటే అంతా ఒకటి కాదని అది గుర్తుచేస్తుంది. భువనగిరి కోట ఉన్న బండనే తీసుకోండి. ఐదువందల అడుగులకు పైగా లేచిన ఏకశిల. అక్కడి రాక్ క్లైంబింగ్ స్కూల్లో నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా చేసేది వాలు బండల మీద నడక లాంటి ఎక్కుడు. దాన్ని స్లాబ్ అంటారు. పట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. షూ అడుగున ఉన్న రబ్బరును బండకు అదిమి, బరువు పాదాల మీద నిలిపి, నమ్మకంతో లేవాలి. పిక్కలు మండుతాయి, గుండె దడదడలాడుతుంది గానీ వేళ్ళకు శ్రమ తక్కువ. మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ కొండలెక్కే విద్యలో తొలిపాఠాలు నేర్చింది ఆ బండ మీదే. ఆ తర్వాత డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ పొంది 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు 13 సంవత్సరాల 11 నెలలు. వాళ్ళు నెలల తరబడి రోజూ కష్టపడ్డారు నిజమే. కానీ ఆ కష్టం ఊపిరికి, కాళ్ళకు, చలిని తట్టుకునే గుండెదిటవుకు సంబంధించింది. నడక, పరుగు, మంచుమీద పని రోజూ చేసినా శరీరం సర్దుకుంటుంది. వేలి కొసల పని అలా కాదు.

కాబట్టి మీరు ఎక్కేది ఏ రకమో దాన్నిబట్టి లెక్క మారుతుంది. భువనగిరిలో స్లాబ్ ఎక్కితే వరసగా రెండు రోజులు ఎక్కినా పరవాలేదు. పెద్ద పెద్ద పట్లు ఉన్న పొడవాటి గోడను తాడు కట్టుకుని నిదానంగా ఎక్కితే ఒక రోజు ఎడం సరిపోతుంది. ఖాజాగూడలాంటి చోట నాలుగైదు కదలికల్లో ఒళ్ళంతా ఖర్చుపెట్టించే బౌల్డరింగ్, అందులోనూ సన్నటి అంచులు, ముందుకు ఒరిగిన బండ అయితే మాత్రం 48 గంటలకు తక్కువ ఎడం వద్దు. 72 అయితే ఇంకా మంచిది.

మన బండ విషయంలో ఇంకో లెక్క కూడా ఉంది. అది చర్మం లెక్క. మన గ్రానైటు గరుకు. దానిలో స్ఫటికాలు వేలి కొసల్ని ఆకురాయి పెట్టినట్టు అరగదీస్తాయి. గంటన్నర గట్టిగా ఎక్కాక మీ వేలి కొసల్ని వెలుగులో పెట్టి చూడండి. గులాబీ రంగుకు తిరిగి, నున్నగా మెరుస్తూ, ముట్టుకుంటే చుర్రుమంటాయి. అంటే పై పొరలు అయిపోయాయన్నమాట. అక్కడ ఆపితే మూడు రోజుల్లో మళ్ళీ గట్టి చర్మం వస్తుంది. ఆపకుండా ఇంకో మూడుసార్లు ప్రయత్నిస్తే కొస చీలి నెత్తురొస్తుంది, పదిరోజులు పోతుంది. బండమీద ఎక్కేవాళ్ళకు చాలాసార్లు టెండన్ కంటే ముందే చర్మం చాలంటుంది. దాని మాట వినడం మంచిది. కాయ కాచి లేచిన చోట బ్లేడుతో కోయకుండా సన్న ఉప్పుకాగితంతో రుద్ది చదును చేసుకోండి. రాత్రి పడుకునేముందు కాస్త నూనె రాసుకోండి. ఎక్కే రోజు మాత్రం నూనె జోలికి పోకండి.

ఇక వారాన్ని ఎలా పంచుకోవాలో చెబుతాను, కాగితం అక్కర్లేదు, తేలికే. కొత్తవాళ్ళకు మంగళవారం, శనివారం. ఒక్కోసారి గంటన్నర. అందులో సగం కాళ్ళమీద ఎలా నిలబడాలో, నడుము గోడకు ఎలా తిప్పాలో నేర్చుకోవడానికే. మొదటి ఏడాది మీ ఎదుగుదలంతా పాదాల్లో ఉంటుంది, చేతుల్లో కాదు. ఏడాది దాటినవాళ్ళకు మంగళ, గురు, ఆదివారాలు. మంగళవారం కష్టమైన పని, మీ స్థాయికి కాస్త పైనున్న ప్రాజెక్ట్. గురువారం తేలికైనవి, ఎక్కువ సంఖ్యలో, సగం బలంతో. ఆదివారం బయట బండమీద. మూడూ కష్టమైన రోజులు చేసుకోవద్దు. నాలుగు, ఐదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు నాలుగో రోజు కలుపుకోవచ్చు, కానీ గట్టి రోజులు రెండే ఉండాలి. వీటన్నిటితోపాటు మూడు వారాలు ఎక్కాక నాలుగో వారం సగానికి తగ్గించండి. పండగలకు ఊరెళ్ళినప్పుడు ఈ తగ్గింపు తనంతట తానే జరుగుతుంది. సంక్రాంతికి వారం రోజులు అరిసెలు తిన్నంత మాత్రాన బలం పోదు. తిరిగి రాగానే పోయిందాన్ని రాబట్టాలని మొదటిరోజే ఒళ్ళు హూనం చేసుకుంటేనే పోతుంది. ఆత్రగాడికి బుద్ధి మట్టం.

వారానికి ఒక్కరోజే కుదిరేవాళ్ళు కూడా ఉంటారు. చిన్నపిల్లల తల్లులు, షిఫ్టు ఉద్యోగాలవాళ్ళు. ఒక్కరోజు వల్ల లాభం లేదని మానుకోకండి. నేర్చింది పోదు, ఎదుగుదల నెమ్మది, అంతే. కానీ వారమంతా బాకీ పడ్డామన్నట్టు ఆ ఒక్కరోజు ఐదారు గంటలు ఎక్కడం మాత్రం వద్దు. మధ్యలో ఒకరోజు ఇంట్లో పుషప్స్, నడుముకు వ్యాయామం, గుమ్మంలో బిగించిన కడ్డీకి కాళ్ళు నేలకు ఆనించి తేలిగ్గా వేలాడటం చేస్తే చాలు. పుషప్స్ అంటే గుర్తొచ్చింది. ఎక్కడంలో అన్నీ లాగే కండలే పనిచేస్తాయి, తోసే కండలు ఊరికే ఉంటాయి. భుజాలు ముందుకు గుంజుకుపోకుండా ఉండాలంటే విశ్రాంతి రోజుల్లో అవి అవసరం.

ఎన్నిసార్లు అన్నది ఎంత ముఖ్యమో, వచ్చినరోజు ఎలా ఎక్కుతాం అన్నదీ అంతే ముఖ్యం. రాగానే కష్టమైన బండ మీద పడకండి. పెద్ద పట్ల మీద తేలిగ్గా ఓ వంద కదలికలు చేస్తే వేళ్ళు వెచ్చబడతాయి. కష్టమైన ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య మూడు నాలుగు నిమిషాలు కూర్చోండి. నీళ్ళు తాగండి, అవతలివాళ్ళ ఎక్కుడు చూడండి. ఇందాక అలవోకగా చేసిన కదలిక ఇప్పుడు రెండుసార్లు తప్పిందంటే ఆరోజుకు అయిపోయినట్టే. షూ విప్పేయండి. "లాస్ట్ వన్" అంటూ అలసిన వేళ్ళతో కష్టమైన అంచు పట్టుకునే అలవాటు మానుకోండి.

మర్నాడు పొద్దున ఒక పరీక్ష చేసుకోండి. మంచం దిగకముందే రెండు పిడికిళ్ళూ మెల్లగా బిగించండి. పూర్తిగా ముడుచుకుంటున్నాయా? బొటనవేలితో ఒక్కొక్క వేలి మొదలు, అరచేతివైపు, నొక్కి చూడండి. రెండు చేతులకూ తేడా ఉందా? ముంజేతిలో తీపు ఉంటే అది కండది, రెండు రోజుల్లో పోతుంది. వేలి మొదట్లోనో కణుపు దగ్గరో చురుక్కుమనే నొప్పి ఉంటే మాత్రం ఆ వారం ఎక్కే రోజులు తగ్గించండి. వారం, పదిరోజులైనా తగ్గకపోతే చేతి ఎముకల డాక్టరుకు చూపించండి. టేపు చుట్టుకుని ఎక్కేయడం వైద్యం కాదు.

పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట విడిగా చెప్పాలి. ఎదిగే వయసులో, ముఖ్యంగా పదమూడు నుంచి పదహారేళ్ళ మధ్య ఒక్కసారిగా పొడుగు సాగేటప్పుడు, వేలి ఎముకల్లో ఎదుగుదల జరిగే పొర ఇంకా మెత్తగా ఉంటుంది. అతి శ్రమకు పెద్దవాళ్ళకు పుల్లీ చిరిగితే, పిల్లలకు ఆ పొర విరుగుతుంది. మధ్యవేలి నడిమి కణుపు మీద, వెనకవైపు, నొప్పి వారాల తరబడి ఉంటే తేలిగ్గా తీసుకోవద్దు. పట్టించుకోకపోతే వేలు వంకర తిరిగి జీవితాంతం ఉండిపోవచ్చు. జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ గ్యూల్లిష్ అనే మహా క్లైంబర్ 1988లో న్యూరెంబర్గ్ జిమ్‌లో చెక్క మెట్లు బిగించి, కాళ్ళు ఆనించకుండా వేళ్ళతోనే ఎగురుతూ ఎక్కే క్యాంపస్ బోర్డు తయారుచేశాడు. దానిమీద సాధన చేసి 1991లో యాక్షన్ డైరెక్ట్ అనే అప్పటికి ప్రపంచంలోకెల్లా కఠినమైన మార్గం ఎక్కాడు. ఇప్పుడా బోర్డు చాలా జిమ్‌లలో కనిపిస్తుంది, పిల్లలు కోతుల్లా వేలాడతారు. పద్దెనిమిది ఏళ్ళలోపు పిల్లలకు అది వద్దని ఈ ఆట వైద్యులు గట్టిగానే చెబుతారు. పిల్లలు వారానికి రెండు మూడుసార్లు ఆడుతూ ఎక్కనివ్వండి. రకరకాల బండలు, రకరకాల కదలికలు. పోటీలకు తొందర లేదు.

తిండి సంగతి కూడా చెప్పాలి. ఒళ్ళు తేలికైతే ఎక్కడం సులువన్నది నిజమే, అందుకే తిండి మానేసే జబ్బు ఈ ఆటలో పెద్ద సమస్య అయింది. క్రీడాకారుల అతి బక్కతనం గురించి అంతర్జాతీయ క్లైంబింగ్ సమాఖ్య గట్టిగా పట్టించుకోవడం లేదని 2023లో దాని వైద్య సంఘం నుంచి ఫోల్కర్ ష్యోఫ్ల్ అనే జర్మన్ వైద్యుడు తప్పుకున్నారు. ఆ మరుసటి ఏడాది సమాఖ్య కొత్త నియమాలు తెచ్చింది. తినకుండా విశ్రాంతి తీసుకుంటే అది విశ్రాంతి కాదు. పుల్లీ కట్టుకోవడానికి ఇటుక, సున్నం ఇచ్చేది అన్నమే. పప్పు, పెరుగు, గుడ్డు, చేప, ఏది మీ ఇంట్లో అలవాటైతే అది తృప్తిగా తినండి. ఏడెనిమిది గంటలు నిద్రపోండి. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన రోజు గోడ దగ్గరికి వెళ్ళకండి.

ఇక రుతువులు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన బండలకు మంచికాలం. చల్లగా, పొడిగా ఉన్న రాయికి చెయ్యి అతుక్కున్నట్టు ఉంటుంది. అప్పుడు వారంలో ఒక రోజు కచ్చితంగా బయట పెట్టుకోండి. మార్చి దాటితే పొద్దున తొమ్మిదికే బండ కాలుతుంది, చేతులు చెమర్చి పట్టు జారుతుంది. జారేకొద్దీ ఇంకా గట్టిగా నొక్కుతాం, వేళ్ళమీద భారం పెరుగుతుంది. ఎండాకాలంలో లోపల ఎక్కండి, రోజులు కూడా కాస్త తగ్గించండి. వానాకాలంలో గ్రానైటు ఆరితే ఎక్కవచ్చు. బాదామిలాంటి ఇసుకరాయి మాత్రం తడిస్తే లోపల బలహీనపడుతుంది, పైకి ఆరినట్టు కనిపించినా రెండు మూడు రోజులు ఆగాలి. ఏ కాలంలోనైనా బండ నెత్తిన తేనెపట్టు ఉందేమో ముందు తల పైకెత్తి చూసుకోండి.

ఇంతా విన్నాక కూడా "మూడోరోజు ఎప్పుడు కలుపుకోవచ్చు?" అని అడుగుతారని నాకు తెలుసు. ఏడాది నిండాక, అందులో చివరి మూడు నెలలూ వరసగా వారానికి రెండుసార్లు ఎక్కి, ఒక్క పొద్దున కూడా వేలి మొదట్లో నొప్పి లేకుండా పిడికిలి బిగించగలిగితే కలుపుకోండి. అదీ తేలికైన రోజుగానే. ఆ మూడోరోజు ఇవ్వాల్సింది మీ ఉత్సాహం కాదు, మీ శిక్షకుడూ కాదు, మీ వేళ్ళు. అరవై దాటినా బండ ఎక్కుతున్నవాళ్ళు ఈ ఆటలో చాలామంది ఉన్నారు. వాళ్ళు అందరికంటే ఎక్కువ రోజులు ఎక్కినవాళ్ళే, కాకపోతే ఆ రోజుల్ని ఒకే ఏడాదిలో కుక్కుకోలేదు.

కాబట్టి ఈ రాత్రి క్యాలెండరు తీసి ముందు విశ్రాంతి రోజులకు గుర్తు పెట్టుకోండి. మిగిలినవే ఎక్కే రోజులు. సెలవు.